నూట తొమ్మిదో కుంభం

ఆ ఉదయం సూర్యుడు ఎప్పటిలాగే తూర్పు కొండల మీదికి వచ్చాడు. సంధి గడువు తీరిపోయిందని ఆయనకెవరూ చెప్పినట్టు లేదు.

తొలి కిరణాలు కుంభదుర్గం బురుజుల మీద పడ్డాయి. కెంపులు పొదిగిన కిరీటంలా ఉంటుందా కోట. ఏడు ప్రాకారాలు, ఒక్కో ప్రాకారానికి నాలుగు సింహద్వారాలు, ద్వారాల మీద రెక్కలు విప్పిన గండభేరుండాలు. ఏడో ప్రాకారం దగ్గరికి వచ్చేసరికి రాయి చాలక ఇటుకలతో సరిపెట్టారు గాని, దూరం నుంచి చూసేవాళ్ళకు ఆ సంగతి తెలియదు. కోటలకు కావలసింది దూరం నుంచి చూసేవాళ్ళే. కొండ పాదాన సువర్ణపర్ణీ నది కరగబోసిన ఇత్తడిలా పారుతోంది. నదికి ఈవలి గట్టు తామ్రతీర రాజ్యం. ఆవలి గట్టు చిత్రకంధర రాజ్యం.

కోట అడుగున, దీపం కూడా భయపడుతూ వెలిగే భూగృహంలో, నూట ఎనిమిది జ్వాలాకుంభాలు బారులు తీరి ఉన్నాయి. నిలువెత్తు మట్టి బానలు. ఒక్కోదానిలో ఒక్కో అగ్నిసర్పం చుట్టచుట్టుకుని నిద్రపోతుంటుంది. బాన పగిలితే సర్పం లేస్తుంది. సర్పం లేస్తే ఊరు ఉండదు. ముప్పై ఆరేళ్ళ కిందట రెండు రాజ్యాలూ వీటిని ఒకదాని మీద ఒకటి విసురుకున్నాయి. రత్నపేట అనే నగరం ఒక్క జాములో మాడి మసైపోయింది. అక్కడ ఇవాళ్టికీ గడ్డి మొలవదు. అప్పుడు రాజులిద్దరూ మసి కొట్టుకున్న ముఖాలతో నది మధ్య ఇసుకతిన్నె మీద ఎదురెదురుగా కూర్చుని రాగిరేకు మీద రాసుకున్నారు: చెరి నూట ఎనిమిది కుంభాలు. అంతకు మించి ఒక్కటి కూడా చేయరాదు. గడువు ముప్పై ఆరేళ్ళు.

రాసుకున్నంత మాత్రాన నమ్మకం పుడుతుందా? అందుకని ఇంకో ఏర్పాటు చేశారు. వీళ్ళ మనిషి వాళ్ళ కోటలో, వాళ్ళ మనిషి వీళ్ళ కోటలో కాపురం ఉండాలి. ప్రతి పున్నమికీ చింతకర్రతో కుంభాలన్నిటినీ తట్టి, లోపలి సర్పం ఊపిరి విని, ఎక్కువా లేదు తక్కువా లేదని తన రాజుకు పావురంతో కబురంపాలి. ఆ మనిషిని ఆలకరి అంటారు.

కుంభదుర్గంలో చిత్రకంధరం తరఫు ఆలకరి మైలమ. కుండలు చేసే ఇంట పుట్టింది. కుండ మీద వేలితో తడితే, అది ఏ ఊరి మట్టో, ఎన్ని రోజులు ఆరిందో, లోపల ఏముందో చెప్పగలదు. ఆ చెవుల కోసమే ఇరవై మూడో ఏట ఆమెను ఇక్కడికి పంపారు. ఇప్పుడు ముప్పై రెండు. ఈ తొమ్మిదేళ్ళలో నూట ఎనిమిది కబుర్లు పంపింది. అన్నిటిలోనూ ఒకటే మాట: 'సరిగా ఉన్నవి.' జవాబు ఒక్కదానికీ రాలేదు. ఆలకరికి జవాబు రాయకూడదని నియమం. రాస్తే మనసు ఇంటి మీదికి పోతుందట.

నియమాలు ఇంకా ఉన్నాయి. దుర్గపాలుడు తప్ప కోటలో ఎవరూ ఆలకరితో మాట్లాడకూడదు. అక్క అనీ, అమ్మ అనీ, బాబాయి అనీ వరస కలిపి పిలవకూడదు. వరస కలిస్తే చెవి ఒకపక్కకు వంగుతుంది. ఎవరి చేతి వంటా తినకూడదు. ఒక్క మనిషికి పులుసు కాచడం ఎంత కష్టమో ఒంటరిగా వండుకున్నవాళ్ళకే తెలుసు. కొలతగా చేస్తే రెండు రోజులు తినాలి, సగం చేస్తే రుచి రాదు. మైలమ తొమ్మిదేళ్ళుగా రెండో రోజు పులుసే తింటోంది.

ఆ ఉదయం ఆమె మూట కట్టుకుని బురుజు మెట్ల మీద కూర్చుంది. దుర్గపాలుడు బేతరాజు వచ్చి రెండు మెట్లు కింద కూర్చున్నాడు. అరవై దాటినవాడు. మీసం యుద్ధాల నాటిది, మోకాళ్ళు ఆ తర్వాతివి.

"ఏం ఆలకరీ, సర్దుకున్నావా?"

"సర్దుకున్నాను దుర్గపాలా. రెండు చీరలు, ఒక చట్టి, చింతకర్ర. తొమ్మిదేళ్ళ కాపురం మూట కడితే పిల్లికూన బరువు కూడా లేదు."

"మీవాళ్ళు పల్లకి పంపుతారా?"

"పంపాలి."

"కొత్త రాగిరేకు?"

"అదీ రావాలి. మీవాళ్ళు రాశారా?"

"మీవాళ్ళు ముందు రాస్తారని మావాళ్ళు చూస్తున్నారు."

"మావాళ్ళూ అదే చూస్తుంటారు లెండి."

ఇద్దరూ నది వంక చూశారు. ఆవలి గట్టు నుంచి పడవ బయలుదేరిన జాడ లేదు. నది నిండా నీళ్ళు, గట్టు నిండా ఇసుక, మధ్యలో ఎవరూ లేరు. ఎవరో తనను ఇక్కడ పెట్టి మరిచిపోయారని మైలమకు అప్పుడు తెలిసింది.

"ఇవాళ్టి నుంచి నియమాలు లేవు," అన్నాడు బేతరాజు. "మనం ఏదైనా మాట్లాడుకోవచ్చు."

"అవును."

చాలాసేపు ఇద్దరూ ఆలోచించారు.

"ఎండ ఎక్కువగా ఉంది," అన్నాడాయన చివరికి.

"ఉంది," అంది మైలమ.

అంతలో కోట వాకిట కొమ్ము బూరలు మోగాయి. పన్నెండు ఎద్దులు పూన్చిన బండి ఒకటి లోపలికి వచ్చింది. దాని మీద నిలువెత్తు కుంభం, మెడకు ఎర్ర పట్టు, మూతకు లక్క ముద్ర. బండి పక్కనే దున్నపోతు మీద ఒక ఆకారం. మోకాళ్ళ దాకా జడలు, మెడలో ఎముకల పూసలు, ఒక కన్ను పచ్చగా పిల్లి కన్నులా. కాటుక మాత్రం ఎవరో తీరిగ్గా దిద్దినట్టుంది. తామ్రతీర ప్రభువు వీరమర్దనుడు కొత్తగా చేరదీసిన మాంత్రికుడు కంకాళభట్టు అతనే.

"సంధి చచ్చింది!" అని అరిచాడు కంకాళభట్టు. "ఇది నూట తొమ్మిదో కుంభం! పక్షం తిరగకముందే ఇలాంటివి మూడు వందలు చేసి ప్రభువు పాదాల దగ్గర పెడతాను. ఇక ఆవలి గట్టు మన కాలి కింద చాప!"

భటులు కేకలు వేశారు. ముప్పై ఆరేళ్ళుగా ఆ కోటలో కేక వేయడానికి కారణం దొరకలేదు పాపం. ఆ కరువంతా తీర్చుకున్నారు.

"లోపల పెట్టించు దుర్గపాలా!"

బేతరాజు తల అడ్డంగా ఊపాడు. "ఆలకరి విననిదే ఏ కుంభమూ భూగృహంలో పెట్టే ఆచారం లేదు." తిరిగి, ఎప్పటిలాగే అన్నాడు: "ఆలకరీ, ఒకసారి విని చెప్పు."

తాము శత్రు దేశపు మనిషినే పిలిచి తమ కొత్త ఆయుధాన్ని పరీక్షించమంటున్నామని ఒక్క భటుడికీ తట్టలేదు. మైలమకే తట్టలేదు. అప్పటికే ఆమె చింతకర్ర తీసుకుని మెట్లు దిగుతోంది. అలవాటుకు గడువు రాయడం రాజులు మరిచిపోయారు.

ఆమె కుంభం పొట్ట మీద తట్టింది. నిండు కుంభమైతే 'దబ్' మని, అన్నం తిన్న కడుపులా పలుకుతుంది. ఇది 'ఖంగు' మంది. మెడ మీద, అడుగున కూడా తట్టి, చెవి ఆనించింది. ఊపిరి లేదు. చీమ నడిచిన చప్పుడు కూడా లేదు.

"ఖాళీ," అంది.

వాకిలి అంతా చల్లబడింది. కంకాళభట్టు పచ్చ కన్ను ఒక్క క్షణం రెపరెపలాడింది. మరుక్షణం పగలబడి నవ్వాడు.

"విన్నారా! ఎవరు చెబుతున్నారు ఈ మాట? చిత్రకంధరం ఆడది! నిన్నటిదాకా ఆమె మాట సంధి మాట. ఇవాళ పగవాళ్ళ మాట. మనం కుంభం విసరకుండా ఉండాలని ఖాళీ అంటోంది. పట్టుకోండి!"

మైలమ ఒక్క ఉదుటున పక్కకు దూకింది. ఇద్దరు భటుల ఈటెల మధ్య నుంచి జారి, గుర్రపుశాల వైపు పరుగెత్తింది. కంకాళభట్టు గుప్పెడు బూడిద గాలిలోకి ఊదాడు. నేల మీద పరిచిన రాళ్ళ సందుల్లోంచి నల్లని తీగలు బుసకొడుతూ లేచి ఆమె కాళ్ళకు చుట్టుకున్నాయి. ఆమె చింతకర్రతో ఒకదాన్ని తెంపింది. తెగినచోట రెండు మొలిచాయి. మరో రెండు మెడకు ఎగబాకాయి. రెప్పపాటులో ఆమె నేల మీద పడింది.

కళ్ళు తెరిచేసరికి భూగృహం పక్కన చీకటి కొట్లో ఉంది. గోడ అవతల నూట ఎనిమిది సర్పాలు నిద్రలో ఊపిరి తీస్తున్నాయి. ఎదురుగా కంకాళభట్టు పీట వేసుకుని కూర్చుని ఉన్నాడు.

"నీ చెవులు గొప్పవి పిల్లా," అన్నాడు మెచ్చుకోలుగా. "ఖాళీదే. అగ్నిసర్పాలను పట్టడం అంత తేలికనుకున్నావా? దొరికినవన్నీ కాకోలం పోయాయి."

"కాకోలమా?"

"నది సముద్రంలో కలిసేచోట పేలాల బుట్టంత రాజ్యం. నా యజమాని అక్కడివాడు. ముప్పై ఆరేళ్ళ కిందట సంధికి అతన్ని పిలిచారా? ఇంత చిన్నవాడితో మనకేం పని అనుకున్నారు. పేరంటానికి పిలవని ముత్తైదువ మనసులో ఏం పెట్టుకుంటుందో మీ రాజులకు తెలియదు. ఏ సంధి మీదా అతని చేవ్రాలు లేదు. అతని కుంభాలను తట్టి చూసే ఆలకరి లేడు. ముప్పై ఆరేళ్ళూ హాయిగా చేసుకుంటూ కూర్చున్నాడు."

"ఇక్కడికి ఖాళీ కుంభం తెచ్చావెందుకు?"

"ఇక్కడికే కాదు, మీ దేశానికీ ఒకటి పంపాను. అదీ ఖాళీదే. నీ రాజు మూడు వందలు చాలవు, నాలుగు వందలు కావాలన్నాడు. ఎవరు ముందు విసిరితే వాళ్ళే మిగులుతారని ఇద్దరికీ చెప్పాను. ఇద్దరూ నమ్మారు. సాయంకాలానికి రెండు గట్లూ ఉన్నదంతా విసురుకుంటాయి. బూడిద చల్లారాక నా యజమాని పడవ దిగుతాడు."

"ఇదంతా నాకెందుకు చెబుతున్నావు?"

కంకాళభట్టు నిట్టూర్చాడు. "ఏళ్ళ తరబడి అబద్ధమే చెబుతుంటే నోరు చేదెక్కుతుంది. ఎవరో ఒకరికి నిజం చెప్పుకోవాలి కదా. చెప్పినా ఎవరూ నమ్మని మనిషి దొరకడం నా అదృష్టం."

తలుపు మూసి వెళ్ళిపోయాడు. మైలమ గోడకు చేరగిలబడింది. ఈ గట్టున ఆమె పగవాళ్ళ మనిషి. ఆ గట్టున ఆమెను మరిచిపోయారు. రెండు గట్ల మీదా పొయ్యిలు రాజుకుంటున్నాయి, పిల్లలు ఆడుకుంటున్నారు, సాయంకాలం అయ్యేసరికి ఎవరూ ఉండరు. ఆ సంగతి తెలిసినది లోకంలో తను ఒక్కతే.

కాసేపటికి తాళం మెల్లగా తిరిగింది. గుమ్మంలో బేతరాజు.

"లే బిడ్డా," అన్నాడు.

తొమ్మిదేళ్ళలో ఎవరూ ఆమెను అలా పిలవలేదు. ఆమె కళ్ళు తుడుచుకునే లోగా ఆయన చింతకర్ర చేతిలో పెట్టాడు. ఆమె ఉన్నది ఉన్నట్టు రెండు ముక్కల్లో చెప్పింది.

"మీరు నమ్ముతారా?"

"తొమ్మిదేళ్ళు నీ మాట విని కోటకు తాళం వేసుకుని నిద్రపోయాను. ఇవాళ పొద్దున్నుంచి నీ చెవులు మారిపోయాయా? కానీ ప్రభువుకు చెప్పాననుకో, ఎవరన్నారు అంటారు. చిత్రకంధరం ఆలకరి అనాలి. ఆ తర్వాత నా తల ఎక్కడుంటుందో నేను చూడలేను." గొంతు తగ్గించాడు. "కుంభాలన్నిటినీ నది ఒడ్డుకు తీసుకురమ్మని ఆజ్ఞ. కోట ద్వారాల దగ్గర ప్రతి ముఖం మీదా దివిటీ పెట్టి చూస్తున్నారు. ఏ వేషం వేసినా దాటలేవు."

మైలమ ఒక క్షణం ఆలోచించింది. "కొత్త కుంభం దగ్గరికి భటులు వెళుతున్నారా?"

"అమ్మో! పది గజాల దూరంలో తిరుగుతున్నారు."

"మూత తీసి చూశారా?"

"తీయడానికి మతి పోయిందా?" అని, ఆయన ఆగిపోయాడు. మీసం కింద పెదవులు మెల్లగా విచ్చుకున్నాయి.

లోకంలో నిండుగా ఉందని అందరూ నమ్మే ఖాళీ బాన కన్నా మంచి మారువేషం ఇంకేముంది? పావుగంటలో మైలమ నూట తొమ్మిదో కుంభంలో ముడుచుకుని కూర్చుంది. లక్క ముద్రలో ఊపిరికి సన్నని సందు వదిలి బేతరాజు మూత అతికించాడు. నది ఒడ్డుకు చేరాక, చీకటి పడుతుండగానే ఆయన మూత తీయాలి, ఆమె నది ఈదాలి, తన రాజుకు నిజం చెప్పాలి. అదీ అనుకున్న ఏర్పాటు.

బండి కదిలింది. లోపల మట్టి వాసన. అది ఆమె పుట్టింటి వాసన కనుక కొంతసేపు బాగానే ఉంది. మూడో మలుపు దగ్గర ముక్కులోకి దుమ్ము పోయింది. ఆపుకోవాలని చూసింది గాని తుమ్ము రాజాజ్ఞలాంటిది.

బండి తోలే మాచన కాడి మీది నుంచి ఎగిరి గుంటలో పడ్డాడు. "ఓరి నాయనో! పాము తుమ్మింది! లేచింది బాబో!"

వెనక భటులు చెట్లెక్కేశారు. బేతరాజు గుర్రం మీద నుంచి చిరాకు పడ్డాడు. "పాముకు మాత్రం జలుబు చేయదా? నదీ గాలి పడలేదు. ఎక్కి తోలరా."

మాచన ఎక్కాడు. అక్కడి నుంచి నది దాకా వాడు ఎద్దులను అదిలించలేదు. పామును లేపకుండా ఉండాలని జోలపాట పాడుతూ తోలాడు.

ఇంకో మలుపు తిరిగాక, బాన పక్క నుంచి చిన్న చప్పుడు వినిపించింది. ఉంగరంతో ఎవరో తడుతున్నారు. పొద్దున 'ఖంగు' మన్న బాన ఇప్పుడు 'దబ్' మంది.

"లోపల సుఖమేనా ఆలకరీ?" కంకాళభట్టు గొంతు, గుసగుసగా, పంచదారలా.

మైలమ మూత సందు వైపు ముఖం ఎత్తింది. గొంతు తగ్గించి అంది: "మీరు చెప్పుకున్నంత వేడిగా లేదు."

"అరవనా? నువ్వు లోపలున్నావని అందరికీ చెప్పనా?"

"చెప్పండి. మూత తీయించండి. నిండు బానలో మనిషి ఎలా పట్టిందో మీ ప్రభువుకు మీరే వివరించండి."

మాంత్రికుడి జీవితంలో అది మొదటి ఇరకాటం. తన అబద్ధంలోనే ఆమె దాక్కుంది; దాన్ని పగలగొట్టకుండా ఆమెను పట్టలేడు.

చివరికి అతను నవ్వాడు. "వద్దులే. నువ్వు ఆవలి గట్టుకు వెళ్ళాలనుకుంటున్నావు. నేనే పంపిస్తాను."

నది ఒడ్డున సైన్యం ఇసుక కనిపించకుండా పరుచుకుని ఉంది. పట్టు గొడుగుల కింద, బంగారు అంబారీ మీద వీరమర్దన ప్రభువు. నీటి అంచున వరసగా విసురుయంత్రాలు. తాటిదూలాలతో చేసిన ఒక్కో చేయి ఆకాశాన్ని గోకుతోంది. ఆవలి గట్టున కూడా సరిగ్గా అవే గొడుగులు, అవే యంత్రాలు. నదిలో నీడ పడిందేమో అన్నట్టు.

"ప్రభూ!" అన్న కేక మైలమకు బాన గోడలోంచి వినిపించింది. "నూట తొమ్మిదో కుంభాన్నే ముందు విసరండి. శుభం!"

బేతరాజు అడ్డుపడబోయాడు. "ప్రభూ, పొద్దు కుంకనీయండి..."

"ముసలివాడివయ్యావు దుర్గపాలా!" అన్నాడు ప్రభువు. "కొత్త నగ పెట్టెలో పెట్టి పాతది పెట్టుకుని పెళ్ళికి వెళ్ళేవాళ్ళుంటారా? ఎత్తండి!"

బాన గాలిలోకి లేచింది. మైలమ తల కింద, కాళ్ళు పైన. మోకులు కిర్రుమన్నాయి. బాన యంత్రం గరిటెలో కుదురుకుంది. కింద ఎవరో లెక్క పెట్టడం మొదలెట్టారు. పది నుంచి వెనక్కి.

ఆమె చీకట్లో కర్రతో బాన గోడను తడుముతూ తట్టింది. ఇంత పెద్ద బానను ఎవరూ ఒక్కసారి చేయరు. పైభాగం, అడుగుభాగం వేరువేరుగా చేసి, పచ్చిగా ఉండగా అతుకుతారు. ఆ అతుకు నీడన వారం ఆరాలి. తొందరపడి ఎండలో పెడితే కంటికి కనబడని పగులు మిగులుతుంది. దొంగ పని చేసేవాడికి వారం ఓపిక ఎక్కడిది?

ఆరు. అయిదు.

'ఖంగు.' 'ఖంగు.' 'క్రప్.' అక్కడే.

చింతకర్ర కొనను ఆ పగులుకు ఆనించి, రెండు పాదాలతో బలంకొద్దీ తన్నింది. ఒకసారి. ఇంకోసారి. మూడో తన్నుకు నూట తొమ్మిదో కుంభం గుమ్మడికాయలా రెండుగా విచ్చుకుంది.

తామ్రతీర సైన్యం తామ్రతీరం వైపే పరుగు తీసింది. ప్రభువు ఏనుగు ఆయన్ను అడగకుండానే వెనుదిరిగింది. అగ్ని రాలేదు. పొగ కూడా రాలేదు. పరుగెత్తినవాళ్ళు ఆగి, ఒక్కొక్కరే వెనక్కి వచ్చారు. యంత్రం చివర, పెంకుల మధ్య, ఎర్రమట్టి కొట్టుకున్న ఒక ఆడమనిషి లేచి నిలబడి చీర దులుపుకుంది.

"ఖాళీ!" అని అరిచింది మైలమ. "పొద్దున నోటితో చెప్పాను. నమ్మలేదు. ఇప్పుడు కళ్ళతో చూడండి!"

ఆమె మాటకు ఇప్పుడు సంధి అక్కర్లేదు. పెంకులే సాక్ష్యం. ప్రభువు నోరు తెరిచి, మూయడం మరిచిపోయాడు.

కానీ ఆ పెంకులను ఈవలి గట్టు ఒక్కటే చూడలేదు. ఆవలి గట్టు కూడా చూసింది. పగవాళ్ళ కొత్త ఆయుధం ఉత్త బాన అని తెలియగానే, అటు వేల గొంతులు ఒక్కసారి గర్జించాయి. చిత్రకంధరం విజయభేరి మోగించింది. ఇటువాళ్ళవి నూట ఎనిమిదే, తమవి నూట తొమ్మిది. ఇంతకన్నా మంచి ముహూర్తం మళ్ళీ వస్తుందా? తమ నూట తొమ్మిదోది కూడా అలాంటిదేనని వాళ్ళకు చెప్పేవాళ్ళు లేరు. మైలమ చేతులెత్తి అరిచింది. నది వెడల్పు ఆమె గొంతును మింగేసింది. ఆమె దేశంవాళ్ళే, ఆమె నిలబడి ఉన్నచోటికే గురిపెట్టి, మొదటి యంత్రం వంచారు.

"విసరండి!" ఏనుగు మీద నుంచి వీరమర్దనుడు కేకపెట్టాడు. "నూట ఎనిమిదీ విసరండి! దుర్గపాలా, జెండా!"

బేతరాజు చేతిలో ఎర్రజెండా ఉంది. అది కిందికి దిగితే నూట ఎనిమిది యంత్రాల చేతులు ఒకేసారి లేస్తాయి. సరిగ్గా అప్పుడే ఆవలి గట్టున యంత్రం 'ధన్' మని లేచింది. ఎర్రటి చుక్క ఒకటి ఆకాశంలోకి ఎక్కింది.

మైలమ కళ్ళు మూసుకుంది. నిండు కుంభం గాలిలో బరువుగా, గురక పెడుతూ వస్తుంది. ఇది ఊళ వేస్తోంది. విసురుకు మూత ఊడి, ఉత్త కుండ మూతి మీద గాలి ఊదినట్టు, సన్నగా, పొడుగ్గా.

"కదలకండి," అంది. "ఇదీ ఖాళీయే."

"తప్పయితే?" అన్నాడు బేతరాజు.

"తప్పయితే మీకు చెప్పుకోవడానికి నేనుండను, తిట్టడానికి మీరుండరు."

ఎర్రచుక్క పెద్దదైంది. గుమ్మడికాయంత, గాదెంత. భటులు నేలకు అతుక్కుపోయారు. ప్రభువు జెండా, జెండా అని అరుస్తూనే ఉన్నాడు. బేతరాజు జెండాను రెండు చేతులా గుండెకు అదిమి పట్టుకుని, ఆమె పక్కన వచ్చి నిలబడ్డాడు.

కుంభం వాళ్ళకు పది అడుగుల దూరంలో ఇసుకలో పడి, పెంకులు పెంకులైంది.

ఏమీ జరగలేదు.

అంత పెద్ద ఏమీ లేనితనాన్ని ఆ నది ఎప్పుడూ వినలేదు. ఇటు నుంచి జవాబు ఎందుకు రాలేదో అటువాళ్ళకు అర్థం కాలేదు. తమ కుంభం ఎందుకు మండలేదో అంతకన్నా అర్థం కాలేదు. భేరి సగంలో ఆగింది. రెండు సైన్యాలూ ఆలోచనలో పడ్డాయి. అలవాటులేని పని కనుక ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు.

"మాంత్రికుడేడి?" అని ఎవరో అడిగారు.

ఇసుక మీద ఎముకల పూసలు పడి ఉన్నాయి. నీటి మీద ఒక నల్లని నీటికాకి, ఒక కన్ను పచ్చగా మెరుస్తూ, దిగువకు, సముద్రం వైపు ఎగిరిపోతోంది.

మైలమ ఒడ్డున ఉన్న చిన్న పడవ తాడు విప్పింది. బేతరాజు కుంటుతూ వెంట వచ్చాడు.

"ఆవలి గట్టుకా?"

"కాదు. కాకోలానికి. అక్కడ ఎన్ని ఉన్నాయో ఎవరో ఒకరు తట్టి చూడాలి. అది తెలిస్తేనే ఈ రెండు గట్లూ మళ్ళీ ఒకచోట కూర్చుంటాయి."

"ఎవరి తరఫున వెళతావు?"

ఆమె రెండు గట్లనూ చూసింది. ఇటు నుంచి ఆగమన్నవాళ్ళు లేరు. అటు నుంచి రమ్మన్నవాళ్ళు లేరు.

"ఎవరూ పంపలేదు," అంది.

"నలుగురు భటులను తీసుకుపో బిడ్డా."

"వినాలంటే నిశ్శబ్దం కావాలి. నలుగురుంటే నిశ్శబ్దం ఉండదు. మీరిక్కడే ఉండండి. ఆ జెండా మాత్రం దింపకండి. నేను వచ్చేదాకా."

"ఎన్నాళ్ళు?"

ఆమె పడవను నీళ్ళలోకి తోసింది. ఒడ్డున ముసలివాడు జెండాను గుండెకు పట్టుకుని చిన్నగా, ఇంకా చిన్నగా కనిపించి, చివరికి ఎర్రటి చుక్కయ్యాడు. నది వంపు తిరిగింది. రెండు సైన్యాల సద్దూ వెనకబడిపోయింది. పొద్దు వాలి నీళ్ళు కుంకుమరంగుకు తిరిగాయి. పక్షి కూడా పలకడం లేదు. తొమ్మిదేళ్ళు గోడల మధ్య ఒంటరిగా ఉన్న మనిషికి కూడా ఆ వెడల్పు కొత్తగా ఉంది.

గాలిలో ఉప్పు వాసన తగిలింది. దూరాన నది సముద్రంలో కలిసే మొగ దగ్గర, కాకోలం గుట్టలు నల్లగా. మైలమ తెడ్డు పక్కన పెట్టి, చింతకర్ర ఒక కొనను నీళ్ళలో ముంచి, రెండో కొనను చెవికి ఆనించుకుంది. నీరు చప్పుడును దాచుకోలేదు.

మొదట అల చప్పుడు. తర్వాత ఇసుక జారే చప్పుడు. వాటి అడుగున, చాలా లోతుగా, నిద్రపోతున్న ఒక ఊపిరి. దాని పక్కన ఇంకొకటి. ఆ పక్కన ఇంకొకటి.

ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నూట ఎనిమిది దాటింది. రెండు వందల పదహారు కూడా దాటింది. పడవ తనంతట తానే కొట్టుకుపోతోంది, ఊపిర్లు దగ్గరవుతున్నాయి, లెక్క ఇంకా పూర్తికాలేదు. అప్పుడు, ఎక్కడో మధ్యలో, వాటిలో ఒకటి నిద్రలేచింది.